గడీ ముందర గడియారం

మా మాదిగవాడల చేతికి గడియారం కట్టిన మొదటి మనిషి మా నాయన. అది 1967, పీర్ల పండుగ ముందటి రోజులు. మా ఊరు కోస్గికి రెండు కోసుల దూరం. మేస్త్రీ కింద రెండేండ్లు పూనాల, ఆ తర్వాత కొన్ని నెలలు బొంబాయిల పనిచేసి, తాండూరుల రైలు దిగి, కోస్గి దాక బస్సుల వచ్చి, అక్కడినుంచి నడిచి వచ్చిండు నాయన. తలమీద రేకుపెట్టె, భుజాన గొంగడి, ఎడమచేతి మణికట్టుకు వాచి. నాకప్పుడు ఎనిమిదేండ్లు. వాడ వాడంత మా గుడిసె ముందర చేరింది. పిల్లలం వరుసగా నిలబడి ఒక్కొక్కరం చెవు ఆనించి విన్నం. లోపల ఏదో పురుగు నడుస్తున్నదని మా నాయనమ్మ దూరం జరిగింది.

ఇప్పుడు నేను రిటైరైన పంతులును. నా దగ్గర పాత చేతిగడియారాలు 29 ఉన్నయి. నాతో పనిచేసినోళ్లు "ఇదేం షోకు పంతులూ, దొరల షోకు" అని నవ్వుతరు. పాత వాచీలు జమచేసుడు ఉన్నోళ్ల సరదా అని లోకానికి ఒక లెక్క. నా లెక్క వేరు. మావోళ్ల చరిత్ర శాసనాల మీద లేదు. దస్తావేజులల్ల ఉన్నకాడ గూడ బాకీ కింద, వేలిముద్ర రూపంల ఉన్నది. మావోళ్లు తమ కష్టంతోని కొనుక్కొని, తమ ఒంటిమీద పెట్టుకొని, తమ చెమట పట్టించిన వస్తువులు చాన తక్కువ మిగిలినయి. వాటిల్ల వాచి ఒకటి. అందుకే నేను వాటిని దాస్తున్న.

గడియారం రాకముందు మాకు టైము తెలియదని ఎవలన్న అనుకుంటే అది తప్పు. మా తాత రాత్రి మోటకాడ పండుకొని గొర్రుకొయ్యలు ఎక్కడికొచ్చినయో చూసి జాము చెప్పేటోడు. పిల్లలకోడి, వేగుచుక్క, కోడికూత రాత్రి లెక్కలు. తెల్లారితే అంబటిపొద్దు, పసులు మళ్లే యాళ్ల, దీపాలు పెట్టే యాళ్ల. మా అమ్మ జీవితంల ఒక్కనాడు గడియారం చూడలేదు, ఒక్కనాడు ఆలస్యంగా లేవలేదు. టైము తెలుసు. కాని ఆ టైము మాది కాదు. తాత దొర దగ్గర జీతమున్నడు. జీతగానికి పనిలకు పోయే యాళ్ల ఉంటది, ఇంటికొచ్చే యాళ్ల ఉండదు. దినానికి 60 గడియలు, గడియకు 24 నిమిషాలు అనే లెక్క అయ్యగారి పంచాంగంల ఉండె. ఆయన మా వాడకు రాడు. మా పెండ్లికి మంచి గడియ కావాలంటే ఆయన ఇంటి ముందర దూరంగా నిలబడి అడుక్కొని రావాలె. పొద్దంత దొరది, గడియ అయ్యగారిది. మాకు మిగిలింది చీకటి.

మా దిక్కు గడి అంటే దొర ఇల్లు. ఉర్దూల ఘడీ అంటే గడియారం. ఈ రెండు మాటలు ఒక్కనాడు ఎదురెదురు పడ్డయి. అది మా నాయన చేతిమీద.

పండుగనాడు పీర్లు గడీ ముందరికి వస్తయి. మావోళ్లు డప్పులు కొట్టాలె. నాయన డప్పు కొడుతుంటే ఎండకు వాచి మెరిసింది. అరుగుమీద కూసున్న దొర చెయ్యి ఊపి డప్పులు ఆపించిండు.

"ఏందిరా చేతికి?"

"గడియారం దొరా. బొంబాయిల కొన్న."

"అట్లనా. టైమెంతయ్యిందిరా?"

నాయన చెయ్యి చూసుకున్నడు. కొన్నడు గాని చూసుడు రాదు. బొంబాయిల వాచీ అమ్మినోడు చావి ఎట్లియ్యాల్నో చూపించిండు, టైము ఎట్ల చూడాల్నో చూపియ్యలేదు. అడగనీకి నాయనకు సిగ్గయింది. ఇప్పుడు ఇంతమంది ముందర ఏం చెప్తడు.

"సదువ రాదు దొరా, నీ బాంచెన్."

దొర పక్కన కూసున్న పట్వారి వాచిని విప్పించి కింద పెట్టించిండు. చేతిగుడ్డతోని తీసుకొని అద్దం మీదికి వంగి అక్షరాలు చదివిండు. "వెస్టెండ్ వాచ్ కంపెనీ. సవార్ ప్రైమా. సవార్ అంటే గుర్రమెక్కినోడు దొరా" అన్నడు. అరుగంత నవ్వింది. ఆ రోజులల్ల మావోళ్లు గడీ ముందర సైకిల్ గూడ దిగి నడిపించుకపోవాలె, చెప్పులు చేతవట్టుకోవాలె. గుర్రం సంగతి చెప్పేదేముంది. దొర జీతగాన్ని పిలిచి ఆ వాచిని కొట్టంల దున్నపోతు కొమ్ముకు కట్టమన్నడు. "ఇద్దరికీ సదువు రాదు. ఎవలు కట్టుకుంటే ఏముంది" అన్నడు. కట్టింది ఎవరో కాదు, అక్కడ జీతమున్న మా చిన్నతాత. కట్టేటప్పుడు ఆయన చేతులు వణికినయని మా అమ్మ చెప్తది. పీర్లు చల్లారేదాక వాచి కొమ్ముకే ఉన్నది. పొద్దుమూకినంక ఇచ్చిండ్రు. అద్దం పగిలింది, పెద్దముల్లు వంగింది, బెల్టు తెగింది.

నాయన ఏడుస్తడేమోనని చూసిన. ఏడవలేదు. వాచిని గుడ్డల మూటగట్టి, అంగడినాడు నన్ను వెంటేసుకొని కోస్గి వోయిండు.

కోస్గి బజార్ల ఒక వాచీ సాబు ఉండేటోడు. చిన్న చెక్కబల్ల, దానిమీద అద్దాల పెట్టె, కంటికి గుండ్రటి అద్దం. నాయన దూరంగా నిలబడి మూట చూపించిండు. సాబు "బైఠో" అని స్టూలు జరిపిండు. ఒక దుకాణంల మా నాయన కూసోంగ చూసుడు నాకు అదే మొదలు. సాబు వెనక మూత తీసి మమ్ములను దగ్గరికి పిలిచిండు. చుట్టగా చుట్టుకున్న ఉక్కుపట్టీని చూపించి, "నువ్వు చావి ఇచ్చిన బలమంతా దీంట్ల దాక్కుంటది" అన్నడు. ఆ బలం ఒక్కసారే బయటపడకుండ పండ్లచక్రాలు ఆపుకుంట ఆపుకుంట ఇడుస్తయి. చివరికి వెంట్రుకంత స్ప్రింగు పట్టుకొని బ్యాలెన్స్ చక్రం ఇటు అటు ఊగుతది. ఆ కాలపు చాన చావి వాచీలల్ల అది గంటకు 18000 దెబ్బలు, సెకనుకు అయిదు. చక్రాల ఇరుసులు అరగకుండ కెంపుల లెక్క ఎర్రటి రాళ్లు పెడుతరు. 17 జ్యూయెల్స్ అంటే అవే. అవి గనిల దొరికిన కెంపులు కావు, మనుషులు తయారుచేసిన రాళ్లు. "దొర వాచిలయినా గివే రాళ్లు" అన్నడు సాబు. ఆ మాటకు నాయన మొదటిసారి నవ్విండు.

సాబు ఆగిపోయిన ఒక టేబులు గడియారం ముందరవెట్టి నాయనకు టైము నేర్పిండు. పెద్దముల్లు 12 చుట్లు తిరిగితే చిన్నముల్లుకు ఒక్క చుట్టు అయితదని చెప్పిండు. "అంటే పెద్దముల్లు జీతగాడు, చిన్నముల్లు దొర" అన్నడు నాయన. పొద్దుగూకేసరికి నాయనకు నిమిషాలతోని సహా వచ్చింది. తనకంటే ముందు నాకు వచ్చింది. మా ఇద్దరి మొదటి బడి ఆ చెక్కబల్లనే. తిరిగి వచ్చేటప్పుడు దారిపొడుగునా నాయన నన్ను "ఇప్పుడెంత, ఇప్పుడెంత" అని అడుగుకుంట నడిచిండు. ఆ ఎండకాలం దాటినంక నన్ను బడిల ఏసిండు.

తెగిన బెల్టుకు మా తాత కొత్తది చేసిండు. లందల తంగేడు చెక్కతోని ఊనిన మెత్తటి మేకతోలు. రంపెతోని కోసి, ఆరెతోని కుట్టిండు. అరవయ్యేండ్లకు దగ్గరవడ్డది, ఆ బెల్టు ఇంక తెగలేదు. వాచి తోలుబెల్టు చేతికి కట్టుకుంటే దొరకు మైల అంటదు. ఆ తోలు ఊనినోని చెయ్యి తగిలితే అంటుతది. ఈ లెక్క ఏ పంచాంగంల రాసివుందో నేను ఇప్పటిదాక కనుక్కోలేకపోయిన.

డిగ్రీకి వచ్చినంక ఆ వాచి పుట్టుక వెతికిన. వెస్టెండ్ వాచ్ కంపెనీ స్విట్జర్లాండు వాళ్లది, 1886 నుంచి ఉన్నది. బొంబాయి, కలకత్తా దాని పెద్ద అంగళ్లు. బ్రిటిష్ ఇండియా సైన్యం, రైల్వేలు దాని గిరాకీ. అందుకే సవార్ అని పేరు. గుర్రపుదళం సిపాయిని సవార్ అనేటోళ్లు. అంతకుముందు మగోళ్ల గడియారం గొలుసుతోని జేబుల ఉండేది. చేతికి కట్టేది ఆడోళ్ల నగ అని నవ్వేటోళ్లు. 1914 నుంచి 1918 దాక జరిగిన మొదటి ప్రపంచయుద్ధంల కందకాల సిపాయికి జేబుల చెయ్యివెట్టే తీరిక లేకపోయింది. చేతిగడియారం అప్పుడు మగోని చేతికొచ్చింది. అంటే అది మొదటినుంచి పనిమంతుని వస్తువే, కూసున్నోని వస్తువు కాదు.

మా హైదరాబాద్ రాజ్యంల గడియారం మొదట ఎత్తుమీదికెక్కింది. చార్మినార్ మీద గడియారాలు 1889ల వెట్టిండ్రు. కింద నడిచేటోడు తలెత్తి చూడాలె. అదే కాలంల, అంతకుముందు గూడ, నిజాం ఇలాకా నుంచి మా తెలుగు కూలీలు బొంబాయికి కట్టడాల పనికి పోయేటోళ్లు. వాళ్లను అక్కడ కామాఠీలనేటోళ్లు. బొంబాయిల కామాఠీపురా అనే పేరు వాళ్లనుంచి వచ్చిందే. ఇప్పుడు ఆ పేరు వింటే లోకానికి వేరే సంగతి యాదికొస్తది గాని, ఆ పేరు మా రాళ్లు మోసినోళ్లది. బొంబాయి యూనివర్సిటీల రాజాబాయి గడియారపు బురుజు 1878ల పూర్తయింది. కట్టించినాయన తల్లి పేరు దానికున్నది. రాళ్లెత్తినోళ్ల పేర్లు ఏ రాయిమీద లేవు.

బొంబాయిల గడియారంతోని కొట్లాట గూడ జరిగింది. 1906 జనవరి 1 నుంచి దేశమంతటికీ ఒక్కటే టైము అని సర్కారు పెట్టింది. అది బొంబాయి సొంత టైము కంటే 39 నిమిషాలు ముందు. మిల్లు కూలీలు పని ఆపి ఎదురుతిరిగిండ్రు. వాళ్లకు అర్థమయ్యింది ఒక్కటే. ముల్లు ముందుకు జరిపితే తమ నిద్ర తగ్గుతది. ముల్లు ఎవల చేతుల ఉంటే దినం వాళ్లది. బొంబాయిల కొందరు పాత టైమును 1955 దాక ఇడిసిపెట్టలేదు.

పూనా సంగతి ఇంకోటి చెప్పాలె. పేష్వాల కాలంల మధ్యాహ్నం మూడు దాటినంక, పొద్దున తొమ్మిది గాకముందు మహార్లు, మాంగులు ఊరిగోడ లోపలికి రావద్దని కట్టడి ఉండెనని కులచరిత్ర రాసినోళ్లు రాసిండ్రు. ఎందుకంటే అప్పుడు నీడ పొడుగు పడుతది, ఆ నీడ బ్రాహ్మల మీద పడుతది. గడియారం లేని కాలంల గూడ మా ఒళ్లే గడియారపు ముల్లు. మా నీడను చూసి వాళ్లు టైము లెక్కవెట్టిండ్రు. అదే పూనాల మా నాయన మేడలు కట్టనీకి పోయిండు.

1967 ఆనకాలం దాటినంక నాయన మళ్ల పూనా పోయిండు. ఈసారి టైము చూసుడు వచ్చినోనిగా పోయిండు. మేస్త్రీ పొద్దున సీటీ ఊదితే పని మొదలు, మళ్ల సీటీ ఊదితే బంద్. ఆ రెండు సీటీల నడుమ ఎంతసేపో ఎవలకూ తెలియదు. నాయన చూసిండు. పొద్దున ఆరు నుంచి రాత్రి ఏడుంపావు. బువ్వకు అరగంట. రాత్రి గుడిసెలల్ల చెప్పిండు: "పన్నెండు గంటలు దాటుతున్నది, మనకిచ్చేది ఒక్క కూలి." నాలుగోనాడు మేస్త్రీకి తెలిసింది. "వాచి తీసేసి పనికి రా, లేకుంటే రాకు" అన్నడు. నాయన వాచి తీయలేదు. అడ్వాన్సు బాకీ ఉన్నదని నెల కూలి పట్టుకొని వెళ్లగొట్టిండు. నాయన ఓడిపోయి వచ్చిండని వాడల అందరూ అన్నరు. కాని మర్సటేడు పూనా నుంచి వచ్చినోళ్లల్ల ముగ్గురి చేతులకు వాచీలున్నయి.

ఆ ఎనిమిది గంటల మాట ఎక్కడినుంచి వచ్చిందో నాయనకు తెలియదు. నేను చదువుకున్నంక తెలిసింది. బాబాసాహెబ్ అంబేద్కర్ 1942 నుంచి 1946 దాక వైస్రాయ్ కౌన్సిల్ల లేబర్ మెంబరు. ఫ్యాక్టరీల చట్టాన్ని 1946ల సవరించి వారానికి 54 గంటల పనిని 48 గంటలకు తగ్గించిండ్రు. మనం ఆయన విగ్రహం చేతుల పుస్తకాన్ని చూస్తం, జేబుల పెన్నును చూస్తం. కూలోని దినంల గంటలు తగ్గించిన సంగతి తక్కువ చెప్పుకుంటం. అయితే ఆ చట్టం ఫ్యాక్టరీ గేటు లోపలికే. మట్టి తవ్వేటోనికి, ఇటుక మోసేటోనికి అది చేరలేదు. వెట్టి రద్దు చట్టం 1976ల వచ్చింది. వలస కూలీల చట్టం 1979ల, కట్టడాల కూలీల చట్టం 1996ల వచ్చినయి. మా నాయన చేతికి వాచి వచ్చిన 29 ఏండ్లకు.

ఈలోపల దేశంల వాచీలు తయారైనయి. సర్కారు కంపెనీ హెచ్.ఎం.టి. జపాను సిటిజన్ కంపెనీ సాయంతోని బెంగుళూరుల ఫ్యాక్టరీ పెట్టింది. 1961ల మొదటి వాచీలను నెహ్రూ విడుదల చేసిండు. తర్వాత శ్రీనగర్‌ల, తుమకూరుల, రాణీబాగ్‌ల గూడ ఫ్యాక్టరీలు వచ్చినయి. కంటికి అద్దం పెట్టుకొని ఆ చిన్నచిన్న చక్రాలు బిగించినోళ్లల్ల చానమంది ఆడోళ్లు. జనతా, పైలట్, సోనా, కాంచన్, కోహినూర్ అని పేర్లు. వీటిల్ల జనతా నాకు ఎక్కువ ఇష్టం. తెల్లటి పలక, సన్నటి గీతలు, కింద చిన్న సెకన్ల ముల్లు గూడ లేని నిమ్మళమైన మొకం, పారాషాక్, 17 జ్యూయెల్స్. కింద పడితే బ్యాలెన్స్ ఇరుసు విరగకుండ రాయి కింద స్ప్రింగు ఉంటది, దాన్నే పారాషాక్ అంటరు. సుత్తె పట్టేటోని చేతికి అది అవసరం. పొద్దున ఒకసారి చావి ఇస్తే మర్సటి పొద్దుదాక ఆగదు. మా దిక్కు బొంబాయి పోయొచ్చినోని గుర్తు మూడు: ప్యాంటు, రేడియో, జనతా వాచి.

మా హైదరాబాద్‌ల గూడ వాచీలు చేసిండ్రు. 1942ల మొదలైన ఆల్విన్ కంపెనీ, బస్సుల బాడీలు, ఫ్రిజ్‌లు చేసి, 1981ల జపాను సీకో సాయంతోని వాచీలు మొదలువెట్టింది. నాకు పంతులు నౌకరి వచ్చినంక 1983ల మొదటి జీతంతోని కొన్నది ఆల్విన్. కొననీకి కారణమున్నది. పదో తరగతి పరీక్షకు నాయన తన సవార్ నాకు కట్టి పంపించిండు. హాల్ల ఉన్న పంతులు "ఇది యాడ కొట్టుకొచ్చినవ్?" అని విప్పించి టేబులు మీద పెట్టుకున్నడు. మూడు గంటలు నా వాచి ఆయన ముందర నడిచింది, నేను కిటికీ నీడ చూసి రాసిన. నేను పంతులైనంక ఏ పిల్లగాని చేతి వస్తువు గురించి ఆ మాట అడగలేదు.

నేను చేసిన తప్పు గూడ ఇక్కడ రాయాలె. 1984ల నా పెండ్లిల సైకిలు, హెచ్.ఎం.టి. కోహినూర్ వాచి కట్నం తీసుకున్న. అందరూ తీసుకుంటుండ్రి, నేనూ తీసుకున్న. వాచి వెనక నా పేరు చెక్కించి ఇచ్చిండ్రు. పన్నెండేండ్లకు ఒకనాడు మాటల్ల నా భార్య చెప్పింది: "దాని కోసం మా నాయన జోడెడ్లల్ల ఒకటి అమ్మిండు. ఆ ఏడు అరక కట్టలేదు." దొర దున్నపోతుకు వాచి కట్టిండని జీవితమంత చెప్పుకున్నోణ్ణి, నా చేతికి ఒక ఎద్దు కట్టివున్నదని తెలుసుకోలేదు. ఆ వాచి నా దగ్గరనే ఉన్నది. కట్టుకోను. కాలేజీ పిల్లలు వచ్చినప్పుడు సవార్ కంటే ముందు దాన్నే చూపిస్తున్న.

జమచేసుడు మొదలైంది 2003ల. వాచీ సాబు చచ్చిపోయి ఏడాదయింది. 1969ల సీకో తెచ్చిన క్వార్ట్జ్ వాచి, 1987 నుంచి హోసూరుల తయారైన టైటాన్, ఆ తర్వాత సెల్‌ఫోన్ కలిసి చావి వాచీల పని ఖతం చేసినయి. ఆయన కొడుకు సెల్‌ఫోన్ల దుకాణం పెట్టుకుంట నన్ను పిలిచి ఒక బిస్కెట్ల డబ్బా చేతికిచ్చిండు. "నాయన నిన్ను పంతులని గాదు, మొదటి శాగిర్దని చెప్పేటోడు. ఇవి నీవే" అన్నడు. డబ్బాల 37 వాచీలు. రిపేరుకు ఇచ్చి మళ్ల తీసుకపోనివి. ఒక్కొక్కదానికి దారంతోని అట్టముక్క. అట్టమీద ఉర్దూల ఊరు, మనిషి, తారీకు, రోగం. నాకు ఉర్దూ రాదు. గడీ ముందర నాయన నిలబడ్డట్టు ఆ డబ్బా ముందర నేను నిలబడ్డ. రిటైరైన ఒక ఉర్దూ సారు రెండు నెలలు ఓపికతోని చదివి వెట్టిండు.

37ల 23 హెచ్.ఎం.టి., ఆరు ఆల్విన్, నాలుగు వెస్టెండ్, రెండు ఫావర్ లూబా, ఒకటి రోమర్, ఒకటి పేరు చెరిగినది. ఊర్లన్నీ కోస్గి చుట్టుముట్టువి. ఎక్కువ మందికి రోగం ఒక్కటే రాసివుంది: సిమెంటు. వెనకమూత తెరిస్తే చక్రాల నడుమ బూడిదరంగు దుమ్ము, చెమటతోని కలిసి గట్టివడ్డది. మేడలు కట్టినోని ఊపిరితిత్తుల ఏముంటదో అదే వాచిల ఉన్నది. మనుషులు పండుగకు వచ్చి రిపేరుకిచ్చి, మేస్త్రీ తొందరవెడితే వాచి తీసుకోకుండనే బొంబాయి బస్సెక్కిండ్రు. కొందరు మర్సటేడు వచ్చిండ్రు, పైసలు లేక తీసుకోలేదు. కొందరు రానే లేదు.

నేను సైకిలు మోటరేసుకొని ఊరూరు తిరిగిన. మూడేండ్లల్ల 11 వాచీలు ఇండ్లకు చేరినయి. మిగిలిన 26 నా దగ్గరున్నయి. నాయనది, నా రెండు కలిపితే 29. తిరిగేటప్పుడు ప్రతి ఇంట్ల మూడు ప్రశ్నలు అడిగి రాసుకున్న. ఎప్పుడు పోయిండు, ఏ పని చేసిండు, దినానికి ఎన్ని గంటలు. ఆ నోటుబుక్కే నా అసలు జమ.

ఆ పని చేస్తుంటే హైదరాబాద్‌ల వాచీలు జమచేసేటోళ్లు పరిచయమైండ్రు. మంచోళ్లు, తెలిసినోళ్లు. వాళ్ల దగ్గర నేర్చుకున్న. పాత వాచి చేతికొస్తే ముందు పలక చూడాలె. బొంబాయిల పాత వాచీలకు పలకలు మళ్ల రంగేసి, మెరిసే పచ్చ, నారింజ రంగులు పూసి అమ్ముతరు. అక్షరాలు వంకరపోతయి, గీతలు మందమైతయి. ముండ్ల పొడుగు గీతలకు అందదు. అసలుదానికి పలక, ముండ్లు, డబ్బీ ఒక్కతీరుగా ముసలివైతయి. డబ్బీని పాలిష్ పట్టొద్దు, అంచులు అరిగిపోతయి. నూనె కొన్నేండ్లకు ఎండిపోతది, కడిగి కొత్త నూనె పెట్టకుండ నడిపితే ఇరుసులు తింటయి. ఇంకోటి. చీకట్ల మెరిసే బాగా పాత పలకలకు రేడియం రంగు పూసేటోళ్లు. దాన్ని గీకొద్దు, ఊదొద్దు. 1917 నుంచి అమెరికాల న్యూజెర్సీల ఆ రంగు పూసిన ఆడపిల్లలను కుంచె మొన పెదవులతోని సన్నం చేయమన్నరు. దవుడ ఎముకలు కుళ్లి చచ్చిపోయిండ్రు. 1928ల వాళ్లల్ల అయిదుగురి కేసు దేశమంతా తెలిసింది. మెరిసేదాని వెనక ఎవల నోరున్నదో చూడాలె.

ఒకాయన నా డబ్బాల హిందీ అక్షరాల జనతాకు మంచి ధర చెప్పిండు. 2016 జనవరిల కేంద్ర మంత్రివర్గం హెచ్.ఎం.టి. వాచీల కంపెనీ మూసివేతకు ఒప్పుకున్నంక ధరలు పెరిగినయి. 2019ల బెంగుళూరుల దానికి మ్యూజియం గూడ తెరిచిండ్రు. ఆయన వాచిని తిప్పి చూసి, "వెనక ఈ గీతలొక్కటే బాగలేవు, పాలిష్ పట్టిస్తే పోతయి" అన్నడు. అవి గీతలు కావు. మొలతోని గీసుకున్న పేరు, ఊరు. చదువు రానోడు ఎవలతోనో రాయించుకొని, చూసి చూసి తానే గీసుకున్న అక్షరాలు. పాలిష్ పట్టొద్దని చెప్పిన మనిషికే ఆ పేరు మురికిగ కనవడ్డది. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయనకు వాచి కావాలె, నాకు ఆ గీతలు కావాలె. అమ్మలేదు.

ఆ జనతా ఎవలదో ఆ ఇల్లు దొరికింది. ముసలామె ఒక్కతే ఉన్నది. మొగడు 1982ల బొంబాయి పోయిండు, మళ్ల రాలేదు. మేస్త్రీని అడిగితే వేరే గుంపులకు పోయిండన్నడు. వాచి చేతిల పెట్టిన. చానసేపు చూసింది.

"దీన్ని నేనేం చేసుకోవాలె సారూ? ఆయన పనిచేసిన దినాల కూలి ఎవలిస్తరు? దీంట్ల ఆ లెక్క ఉన్నదా?"

లేదన్న.

"మరి నీ కాడనే ఉండని. అమ్మకు. ఆగకుండ చావి ఇయ్యి."

పేరు పుస్తకంల రాయొద్దన్నది, రాయలేదు. కోస్గి అప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా, 2019 నుంచి నారాయణపేట జిల్లా. 1956కు ముందు మా కొడంగల్ తాలూకా గుల్బర్గా జిల్లాల ఉండె. జిల్లాలు మారినయి, రాష్ట్రాలు మారినయి. బొంబాయి బస్సు మాత్రం ఆగలేదు.

ఈ పుస్తకం చదివే తమ్ముండ్లకు, చెల్లెండ్లకు ఒక్క మాట. మీ ఇండ్లల్ల ఆగిపోయిన వాచి ఏదన్న ఉంటే పాత ఇనుపసామానోనికి ఎయ్యకుండ్రి. అదెవలదో, యాడ కొన్నరో, అది కట్టుకొని దినానికి ఎన్ని గంటలు పనిచేసిండ్రో మీ అవ్వను, అయ్యను కూసోవెట్టి అడుగుండ్రి. తారీకుతోని రాయుండ్రి. మనకు రావలసిన బాకీ లెక్క రేపు ఎవలన్న అడిగితే చూపియ్యనీకి కాయితం ఉండాలె.

నేను దినాం పొద్దున ఆరింటికి లేచి చావి ఇస్తున్న. మొదలు ఆమె జనతాకు, తర్వాత నాయన సవార్‌కు, తర్వాత మిగిలినయి. అరగంట పడుతది.